వరదలలో వైద్యము: మంచి మనసొక్కటే చాలునా?

మొలక పరీక్ష చేయని విత్తనమును మనము నారుమడిలో చల్లము. చల్లిన పిదప లోపము తెలిసినను పోయిన అదను తిరిగి రాదు గదా. విపత్కాలమున మన ఊళ్ళకు వచ్చు వైద్యదళముల విషయమునను ఇట్టి ముందుచూపే వలయునని మా అభిప్రాయము.

1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు లేచెను. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటగా, మన జంగారెడ్డిగూడెమునకు ఉత్తరముననున్న కుక్కునూరు, వేలేరుపాడు మండలములలో ఊళ్ళు మునిగి దారులు తెగినవి. దారి తెగినదని పాముకాటు ఆగదు. నెలలు నిండిన యిల్లాలి నొప్పులు ఆగవు.

“ప్రాణముమీదికి వచ్చినపుడు ఎవరు వచ్చిననేమి?” అని కొందరనవచ్చును. 2010 జనవరిలో హైతీ దేశమున భూకంపము కలిగినపుడు పెక్కు దేశములనుండి దళములు అట్లే వచ్చినవి. కొన్నింటికి తగిన శిక్షణ లేదు, సాధనములు లేవు, వ్రాతలు లేవు. శస్త్రచికిత్సలు చేసి వారు వెడలిపోయినపిమ్మట ఆ రోగులలో పలువురికి గాయములు చూచు దిక్కు లేకపోయెను. ఆ అనుభవముచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో కనీస ప్రమాణములను ప్రకటించెను. ఒకచోట నిలిచి పనిచేయు మొదటి తరగతి దళము దినమునకు 100 మంది రోగులను చూడగలుగవలెను. రెండవ తరగతికి 20 పడకలు, రేయింబవళ్ళు శస్త్రచికిత్స యుండవలెను. తిండి, నీరు, మందులు దళమే తెచ్చుకొనవలెను. మునిగిన ఊరికి భారము కారాదు. ఈ పరీక్ష విపత్తునకు ముందే జరుగును గనుక వరదనాడు యోగ్యతాపత్రములు వెదకు పని యుండదు.

వ్రాతలు ఉత్త కాగితములని తలపరాదు. 2020 డిసెంబరులో ఏలూరున వందలమంది మూర్ఛలతో ఆసుపత్రి చేరగా, ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ మున్నగువాని నిపుణులు రక్తమును, నీటిని పరీక్షింపవలసివచ్చెను. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు జబ్బు సోకినదో తెలియనిచో కారణమును వెదకుట యెట్లు?

కావున మన జిల్లాలో సేవచేయగోరు దళములను వేసవిలోనే పరీక్షించి జాబితా సిద్ధపరుపవలెను. పాము విషమునకు విరుగుడు మందు, కాన్పు సామగ్రి లేని దళమును ముంపు గ్రామములకు పంపరాదు. చూచిన ప్రతి రోగికిని చీటి వ్రాసి యియ్యవలెను.

సంఘముల వంతు పనియు కలదు. మెరకనున్న గోదాము నొకదానిని వైద్యులకై కేటాయింపుడు. గర్భిణుల పేర్లు, నిత్యము మందులు వాడువారి పేర్లు ముందే వ్రాసియుంచుడు. తొలకరిలోగా ప్రతి సంఘమును ఇందుకై తీర్మానము గావింపవలెనని కోరుచున్నాము.