త్యాగయ్యది ఏ భాష?

మొన్న బెంగుళూరులో ఒక పబ్బులో జరిగే క్విజ్‌కి మా అన్నగారబ్బాయి పట్టుబట్టి తీసుకెళ్లాడు. సంగీతం వంతు వచ్చింది. ‘నాటు నాటు’కు ఆస్కార్ ఎప్పుడొచ్చిందని అడగ్గానే, మా బల్ల దగ్గరి తెలుగు పిల్లలు నలుగురూ 2023 అనేశారు. తరవాతి ప్రశ్న: త్యాగరాజ కృతుల్లో ఎక్కువభాగం ఏ భాషలో ఉన్నాయి? గుసగుసలాడుకుని ‘సంస్కృతం’ అని రాసిచ్చారు!

పబ్బువాళ్లను నేనేమీ అనను. అడిగినందుకు వాళ్లకు దణ్ణం పెట్టాలి. ఉగాదికి మన సంఘాలు పెట్టే పోటీల్లో ఈ ప్రశ్న ఎన్నడైనా అడిగామా? ఏ హీరోకి నూరో సినిమా ఏది, దాన్ని తీసిందెవరు - ఇంతేగా మన లోకజ్ఞానం!

“పిల్లలకు తెలుగు చదవడం రాదు కదండీ” అంటారు కార్యదర్శులు. చదవడం రాకపోతే వినడం కూడా రాదా? త్యాగయ్య 1767లో పుట్టింది తిరువారూరులో, 1847లో కన్నుమూసింది తిరువయ్యారులో. మనలాగే ఆయనా బయటి తెలుగువాడే. తంజావూరు దగ్గరి మెలట్టూరులో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు, వేంకటరామశాస్త్రి రాసిన తెలుగు భాగవతమేళ నాటకాలను కంఠతా పట్టి ఈనాటికీ ఆడుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనం మాత్రం సాకులు వెతుక్కుంటున్నాం.

సంఘం పెద్దలకు ఒకటే మనవి. వచ్చే ఉగాదికి సినిమా ప్రశ్నలు పది ఉంటే ఉండనివ్వండి. ఇంకో పది ఈ నేలమీద పుట్టిన తెలుగు పాటలమీద పెట్టండి. పాట వినిపించి, అర్థం అడగండి. పిల్లలు తప్పు చెబితే నవ్వకండి. అడగకుండా ఇన్నేళ్లు గడిపింది మనమే.