నిద్ర కాని నిద్ర

హిప్నాటిజం అనగానే మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది బస్టాండు. పక్కన కూర్చున్న పెద్దమనిషి కళ్ళలోకి చూశాడట, ఏదో రెండు మాటలన్నాడట, ఆవిడ తన చేత్తో తానే గాజులు తీసి ఇచ్చేసిందట. ఏలూరులో ఈ కథ నేను కనీసం నాలుగుసార్లు విన్నాను. ప్రతిసారీ గాజుల బరువు పెరిగింది గాని కథ మారలేదు. రెండోది స్టేజీ. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరాంగారు ఇంద్రజాలికుడిగా, హిప్నాటిస్టుగా తెలుగువాళ్ళందరికీ తెలిసిన మనిషి. తరవాత వ్యక్తిత్వ వికాసం మీద ఎన్నో పుస్తకాలు రాశారు, దిగులుపడ్డవాళ్ళను కూర్చోబెట్టి ధైర్యం చెప్పారు. అయినా ఆయన పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేవి స్టేజీ దీపాలూ చప్పట్లూనే.

బస్టాండుకూ స్టేజీకీ మధ్య అసలు వైద్యం నలిగిపోయింది. దాన్ని సమ్మోహన చికిత్స అంటున్నారు. తెలుగు మేష్టరుగా నాకీ మాట మీద కొంచెం పేచీ వుంది. సమ్మోహనమంటే మోహంలో ముంచెయ్యడం. వశీకరణం అన్నామా, ఇక చెప్పనే అక్కర్లేదు. నిజానికి ఇందులో ఎవరూ ఎవరికీ వశమైపోరు. ఇంగ్లీషు పేరు కూడా సుద్ద తప్పే అనుకోండి. 1840 దశకంలో జేమ్స్ బ్రెయిడ్ అనే వైద్యుడు గ్రీకుల నిద్రాదేవత హిప్నోస్ పేరు తీసుకుని ఆ మాట కట్టాడు. తీరా చూస్తే అది నిద్రే కాదు. మంచి నవల చదువుతున్నప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోయినా తెలియదు చూడండి, దానికి దగ్గరి స్థితి. చదివేవాడు మెలకువగానే వుంటాడు, పుస్తకం ఎప్పుడు మూయాలంటే అప్పుడు మూసెయ్యగలడు.

బ్రెయిడ్ కంటే ముందు పారిస్‌లో మెస్మర్ అనే ఆయన తన చేతుల్లోంచి అయస్కాంతశక్తి వంటిదేదో ప్రవహిస్తుందన్నాడు. 1784లో ఫ్రెంచి రాజు వేసిన సంఘం, అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వున్నాడు, లవోయిజే వున్నాడు, పరీక్షలు చేసి అలాంటి శక్తి లేదు, జరుగుతున్నదంతా రోగి వూహ వల్లనే అని తేల్చింది. మెస్మర్ పరువు పోయింది. నాకైతే ఆ తీర్పులో రెండో సగమే గొప్పగా తోస్తుంది. వూహకే అంత బలం వుంటే, అది వైద్యుడి చేతుల్లో లేదు, కుర్చీలో కూర్చున్నవాడి దగ్గరే వుందన్నమాట.

ఈ విద్య చరిత్రలో మన దేశానికీ ఒక పేజీ వుంది. 1845లో బెంగాలులోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాట్లండు సర్జను రోగుల్ని ఈ స్థితిలోకి తీసుకుపోయి కత్తి పెట్టాడు. అప్పటికి మత్తుమందు లేదు. ఆయన కోసి తీసినవాటిలో ఎక్కువ బోదవ్యాధి వల్ల పెరిగిన పెద్ద పెద్ద కణుతులు. బోదకాలు అంటే ఏమిటో గోదావరి జిల్లాల వాళ్ళకు నేను చెప్పాలా? ఆ మరుసటేడే కలకత్తాలో ఆయనకొక చిన్న ఆస్పత్రి కూడా ఇచ్చారు. ఇంతలో ఈథరూ, వెంటనే క్లోరోఫారమూ వచ్చాయి. మాటల మత్తు ఎవరికి కావాలి? మళ్ళీ వైద్యులు దీన్ని గౌరవంగా చూడ్డానికి వంద సంవత్సరాలు పైన పట్టింది. 1955లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్, 1958లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని చికిత్సలో వాడవచ్చునన్నాయి.

ఇదంతా నేను ఎందుకు చదివానంటే, మా కాలేజీలో డిగ్రీ ఆఖరు సంవత్సరం కుర్రాడొకడున్నాడు. కైకలూరు అవతల కొల్లేటి లంకల్లో వూరు. రాతలో వాడిని మించినవాడు లేడు. సెమినారుకు లేచి నిలబడితే మాత్రం గొంతు పెగలదు. ముందురోజు సాయంత్రం నుంచే కడుపులో తిప్పుతుంది. తండ్రి చేపల చెరువు కౌలుకు చేస్తాడు. ఒకరోజు స్టాఫురూముకు వచ్చి, "ఆడికి గాలి సోకిందండి మాస్టారూ. మా వూళ్ళో ఒకాయన ఇరవై వేలకి తీసేత్తానంటన్నాడు. అదీ కాకపోతే సదువు మానిపించి సెరువు కాడ కాపలా ఎడతానండి" అన్నాడు.

ఇరవై వేలు మాట అటుంచండి, చెరువు కాపలా మాటకు నా గుండె జారింది. తాడేపల్లిగూడెంలో ఒక క్లినికల్ సైకాలజిస్టు హిప్నోథెరపీ కూడా చేస్తారని విని ముగ్గురం పాసింజరు రైలెక్కాం. భీమడోలు దాటేదాకా తండ్రి మాట్లాడలేదు. పూళ్ళ దగ్గర మెల్లిగా, "నిద్దరోయాక లెగుత్తాడా అండి?" అనడిగాడు.

ఆవిడ మొదటిరోజు హిప్నాటిజం వూసే ఎత్తలేదు. ముందు మామూలు డాక్టరుకు చూపించి రమ్మన్నారు. మూర్ఛలేమైనా వున్నాయా, లేనివి కనిపించడం, వినిపించడం వుందా అని గుచ్చిగుచ్చి అడిగారు. అవి వున్నవాళ్ళకు ఇది మంచిది కాదట. ఆ అడగడంతోనే నాకు నమ్మకం కుదిరింది. ఎందుకంటారా, మా వూరు చూసిన అనుభవం. 2020 డిసెంబరులో ఏలూరులో జనం వున్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. ఆరువందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. అదంతా భయం వల్లనేనన్న మాట కూడా ఆ రోజుల్లో వినిపించింది. తీరా ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. పురుగుమందుల మీదా అనుమానాలు వచ్చాయి. వొంట్లో విషం వున్నవాడికి మనసు నిబ్బరం చేసుకోమని చెప్పడం కంటే క్రూరత్వం ఏముంటుంది?

రెండోసారి నుంచి అసలు పని మొదలైంది. నేను గదిలో లేను, వుండకూడదు కూడా. కుర్రాడు తరవాత చెప్పినదే చెబుతున్నాను. వాడు అంతకుముందు ఫోనులో ఇలాంటి ధ్వనిముద్రణలు విన్నాడట. "మీరు మంచు పర్వతాల మధ్య విశ్రాంతి పొందుతున్నారు" అంటూ ఒక గొంతు పుస్తకం చదివినట్టు చెప్పుకుపోయిందట. లంకల్లో పుట్టినవాడికి మంచు పర్వతమేమిటి? వాడికి విశ్రాంతి రాలేదు, చలి వేసింది. ఈవిడ మాత్రం, "నీకు ఎక్కడ హాయిగా వుంటుంది?" అని అడిగారట. ఆటపాక దగ్గర తెల్లవారుజామున దోనెలో, అన్నాడు వీడు. గుర్రపుడెక్క పక్కకు తప్పుకుంటుంటే, గూడబాతులు ఇంకా రెక్కలు విప్పకముందు. ఇక ఆవిడ మాటలన్నీ అక్కడి నుంచే. నీళ్ళు కదలడం లేదు. గెడ పక్కన పెట్టావు. భుజాలు దిగాయి. వొళ్ళు తేలికవుతోంది.

తెలుగు మేష్టరుకు ఇంతకంటే ఏం కావాలి! మందూ లేదు, మాత్రా లేదు, ఉన్నదంతా భాషే. ఆవిడ మరొకటి చెప్పారు, "భయపడకు" అనరట. ఆ మాటలో ముందు వినపడేది భయమే గదా. "గొంతు నీదే, నెమ్మదిగా వస్తోంది" అంటారట. మన అమ్మలకు ఇది ఎప్పుడో తెలుసు. జోల పాడేటప్పుడు ఏ తల్లీ మేలుకోకు అని పాడదు. వాడి కడుపు తిప్పడం సంగతి అడిగితే, 1984లో మాంచెస్టరు వైద్యులు లాన్సెట్ పత్రికలో వేసిన పరీక్ష గురించి చెప్పారు. మొండి పేగుల బాధతో వున్న ముప్ఫైమంది రోగుల మీద చేసిన పరీక్ష అది. హిప్నోథెరపీ పొందినవాళ్ళు తక్కినవాళ్ళ కంటే చాలా ఎక్కువ బాగుపడ్డారట.

పూర్వజన్మలోకి తీసుకుపోతామనే బోర్డులు చూసినప్పుడు మాత్రం నాకు వొళ్ళు మండుతుంది. ఆ స్థితిలో మనసు అడిగినదానికల్లా కథ అల్లి ఇస్తుంది. అల్లినది జ్ఞాపకంలాగే అనిపిస్తుంది. కథ రాసేవాళ్ళెవరినైనా అడగండి, తాము కల్పించిన వీధిలో తామే తిరిగినట్టు చెబుతారు. దాన్ని పట్టుకుని, పోయిన జన్మలో నిన్ను ముంచినవాడే ఈ జన్మలో నీ బావ అని చెబితే, పచ్చని కుటుంబం కోర్టు మెట్లెక్కుతుంది.

మావాడు ఆరుసార్లు వెళ్ళాడు. ఇంటి దగ్గర రోజూ పావుగంట తనంతట తాను సాధన చేశాడు. ఆ సాధనే ముఖ్యమని, తన అవసరం లేకుండా చేయడమే తన పని అని ఆవిడ అన్నారు. జనవరి సెమినారులో లేచాడు. కాగితం వణుకుతోంది. నాలుగు నిమిషాలు మాట్లాడి కూర్చున్నాడు. అద్భుతమేమీ జరగలేదు. తరవాత వచ్చిన వుద్యోగపు ఇంటర్వ్యూలో వాడిని తీసుకోలేదు కూడా. కాని అడిగిన ఐదు ప్రశ్నలకూ జవాబు చెప్పి, బయటికొచ్చి, కడుపునిండా భోజనం చేశాడు. ఇంకోచోటికి దరఖాస్తు పెట్టాడు. చెరువు కాపలా ప్రసక్తి ఇంట్లో మళ్ళీ రాలేదు.

మొన్న తండ్రి మళ్ళీ స్టాఫురూముకు వచ్చాడు, ఒక సంచీలో చేపలు పట్టుకుని. నేను శాకాహారినని గుర్తొచ్చి సంచీ పక్క లెక్చరరుకిచ్చేశాడు. కాసేపు తచ్చాడి, "మాస్టారండీ, ఆ డాక్టరమ్మగారు సుట్ట మానిపిత్తారా అండి?" అన్నాడు.

"మానాలని వుందా అని ముందు అడుగుతారోయ్" అన్నాను.

చెవి మీద చుట్ట సర్దుకుంటూ ఆలోచించాడు. "ఆయ్, అదింకా తేల్చుకోలేదండి" అన్నాడు.