సొంతూళ్ళో అద్దెకా?

అమెరికాలో మావాళ్ళు నలుగురు కలిస్తే ఒకటే మాట: రిటైరయ్యాక సూర్యాపేటలో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోదాం. అద్దెకుందామంటే కోపం. పుట్టిన ఊళ్ళో అద్దెకా, జనం ఏమనుకుంటారు!

ఆ జనం కోసమే కదా కోదాడలో, మిర్యాలగూడలో మూడంతస్తుల ఇళ్ళు కట్టి తాళాలేసి పెట్టాం. కింద వాచ్‌మన్ కుటుంబం, పైన పావురాలు.

ఒక నిజం ఒప్పుకుందాం. పౌరసత్వం మార్చుకున్నాక సూర్యాపేట మనకు కాగితాల మీద విదేశమే. ఓసీఐ కార్డుతో ఇల్లు కొనొచ్చు గానీ సాగర్ ఎడమ కాల్వ కింద ఎకరం పొలం కొనలేం, వారసత్వంగా వస్తే తప్ప. ఓటూ లేదు. పోనీ ఇల్లు కొన్నాక ఉండలేక వెనక్కొచ్చి అమ్మబోతే? అక్కడుండేవాళ్ళు 50 లక్షల ఇల్లు అమ్మితే కొనేవాడు పట్టుకునే పన్ను 1 శాతం. మనమైతే దానికి ఎన్నో రెట్లు. ఆ లెక్క వినగానే బేరగాడు లేచిపోతాడు.

అర్ధరాత్రి గుండె పట్టేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంటే, హైవే మీద హైదరాబాదు 130 కిలోమీటర్లు. మేలో కరెంటు పోతే ఎలా ఉంటుందో కూడా మనం మరిచిపోయి చాలా ఏళ్ళయింది (మామిడిపళ్ళు మాత్రం గుర్తే). ఇవన్నీ ఉండి చూస్తేనే తెలుస్తాయి. ఉండి చూడ్డానికి పదకొండు నెలల అగ్రిమెంటు చాలు.

నేను అదే రాయించుకున్నాను. పరువు తీశావని మా అక్క వారం నుంచి ఫోనెత్తడం లేదు.