ఊరిని నిలబెట్టిన కొత్త చుట్టాలు

విస్తీర్ణం చూస్తే ఇప్పటి గుంటూరు జిల్లాకు మూడు రెట్లు. జనం చూస్తే మన పెద్ద పంచాయతీ ఒక్కదానికి సరిపోయేంత! ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రానికి పడమటి కొసన ఉన్న హిండ్‌మార్ష్ షైర్ సంగతి ఇది. షైర్ అంటే ఓ స్థానిక పాలనా విభాగం. సుమారు 7,500 చదరపు కిలోమీటర్ల నేలలో 2021 జనగణన నాటికి ఉన్నది 5,700 మంది. చదరపు కిలోమీటరుకు ఒక్క మనిషి కూడా లేడన్నమాట.

అందులో పెద్ద ఊరు నిల్. మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ వెళ్లే రహదారిలో సరిగ్గా నడిమధ్య వస్తుంది. జనాభా రెండు వేల పైచిలుకు. ఒకప్పుడు వోట్జోబలుక్ ఆదివాసుల నేల ఇది. 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లతో పాటు జర్మన్ లూథరన్ కుటుంబాలూ వచ్చి ఈ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. ఆస్ట్రేలియాను అత్యధిక కాలం ఏలిన ప్రధాని రాబర్ట్ మెంజీస్ 1894లో పుట్టింది కూడా ఈ షైర్‌లోని జెపారిట్‌లోనే.

ఇక్కడ ఒక్కో కుటుంబం వేల ఎకరాలు సాగుచేస్తుంది. కూలీలు ఉండరు. తండ్రీ కొడుకూ, ఇంటి ఆడవాళ్లూ, పెద్ద పెద్ద యంత్రాలూ... అంతే! గోధుమ, బార్లీ, కనోలా, శనగలు, మైసూరు పప్పు పండిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో విత్తుతారు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు. ఎండ మండి ఈదురుగాలి వీచే రోజున మాత్రం కోత యంత్రం ఆగాల్సిందే. ఒక్క నిప్పురవ్వ లేస్తే పంటంతా బుగ్గి! మంటలార్పడానికి వచ్చేదీ చాలావరకు జీతగాళ్లు కాదు, పక్క పొలాల రైతులే. అగ్నిమాపక దళంలో వాళ్లే వాలంటీర్లు.

అన్నట్టు, ఆ పప్పు ధాన్యాల గిరాకీ మన దేశంతోనూ ముడిపడి ఉంది. 2017 డిసెంబరులో భారత ప్రభుత్వం శనగలు, మైసూరు పప్పు దిగుమతుల మీద 30 శాతం సుంకం వేస్తే, అక్కడి రైతుల గుండెల్లో రాయి పడింది!

ఇక శీతాకాలం వస్తే శనివారం నాడు ఊరంతా మైదానంలోనే. మగవాళ్లు ఫుట్‌బాల్, ఆడవాళ్లు నెట్‌బాల్. పిల్లలకు ఆట, పెద్దలకు కబుర్లు. అయితే జనం తగ్గేకొద్దీ జట్టు కట్టడానికి మనుషులు చాలని రోజులొచ్చాయి. జెపారిట్, రెయిన్‌బో అనే రెండు ఊళ్లు కలిసి ఒకే జట్టుగా ఆడాయంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. యంత్రాలు పెరిగాయి, కమతాలు కలిసిపోయాయి, చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు నగరాల్లోనే ఉండిపోయారు. ఆస్ట్రేలియా ప్రజల మధ్యస్థ వయసు 38 అయితే, ఇక్కడ యాభైకి అటూ ఇటూ. జనం తగ్గితే బడిలో టీచరు పోస్టు తగ్గుతుంది, దుకాణం మూతపడుతుంది. దుకాణం మూతపడితే ఇంకో కుటుంబం వెళ్లిపోతుంది. ఈ వరస మన పల్లెలకూ తెలియంది కాదు.

నిల్‌కు ఉన్న పెద్ద ఆధారం బాతు మాంసం తయారుచేసే లవ్-ఎ-డక్ కంపెనీ. 2010 ప్రాంతంలో ఆ కంపెనీకి విచిత్రమైన చిక్కు వచ్చింది. గిరాకీ ఉంది, విస్తరించాలని ఉంది, పనిచేసేవాళ్లే లేరు! అప్పటి జనరల్ మేనేజర్ జాన్ మిల్లింగ్టన్ చూపు మెల్‌బోర్న్ శివార్లలోని కరెన్ శరణార్థుల మీద పడింది. బర్మాలో దశాబ్దాల అంతర్యుద్ధం వల్ల ఊళ్లు వదిలి, థాయ్‌లాండ్ సరిహద్దు శిబిరాల్లో ఏళ్ల తరబడి బతికి, ఆస్ట్రేలియా చేరిన వాళ్లు వాళ్లు. పల్లె బతుకు ఎరిగిన జనం. నగరంలో వాళ్లకు పని దొరకడం కష్టం, పల్లెలో పనికి మనుషులు దొరకడం కష్టం!

మిల్లింగ్టన్, ఆయన భార్య మార్గరెట్ ఊరివాళ్లను ముందే సిద్ధం చేశారు. మొదట కొద్దిమంది వచ్చారు. కుదురుకున్నాక వాళ్ల బంధువులూ, స్నేహితులూ కదిలారు. ఐదేళ్లు తిరిగేసరికి ఊళ్లో ప్రతి పదిమందిలో దాదాపు ఒకరు కరెన్. బడిలో పిల్లల సందడి పెరిగింది. కరెన్ మహిళల చేతిపనులు అమ్మే ‘పా పో’ అనే దుకాణమూ వెలిసింది. ఏమ్స్ ఆస్ట్రేలియా, డెలాయిట్ యాక్సెస్ ఎకనామిక్స్ 2015లో కట్టిన లెక్క ప్రకారం, వీళ్ల రాక వల్ల స్థానిక ఆర్థిక వ్యవస్థకు ఐదేళ్లలో చేకూరింది 4 కోట్ల 15 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. డెబ్బై ఉద్యోగాలు అదనం.

అంతా నల్లేరు మీద నడకేం కాదు. ఇంగ్లిష్ రాని పెద్దలకు ఆస్పత్రికి వెళ్లాలన్నా తోడు కావాలి. బస్సులు తక్కువ కాబట్టి కారు నడపడం నేర్చుకోక తప్పదు. జనం పెరిగేసరికి అద్దె ఇళ్లకు కరువొచ్చింది. వీటికోసం ఊరివాళ్లు వాలంటీర్లుగా ముందుకొచ్చారు. ‘మనం వాళ్లకు సాయం చేస్తున్నాం’ అనుకుని మొదలుపెట్టినవాళ్లకు, వాళ్ల వల్లే తమ ఊరి బడీ, దుకాణమూ నిలబడుతున్నాయని తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు.

ఇప్పుడు అసలు పరీక్ష తర్వాతి తరానిది. ఆ కరెన్ పిల్లలు చదువుకున్నాక రైతుల పిల్లల్లాగే మెల్‌బోర్న్ దారి పడతారా? ఊళ్లో వాళ్ల చదువుకు తగ్గ కొలువు ఉంటుందా? బాతుల కంపెనీ ఒక్కటే అందుకు చాలదు. నిల్ పెద్దలు ఇక ఆలోచించాల్సింది ఆ సంగతే.