పల్పు తీశాక మిగిలే పంట

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో జూన్, జూలై నెలలు వస్తే తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు పల్పు ఫ్యాక్టరీల ముందు బారులు తీరతాయి. 2025లో ధర కుప్పకూలడంతో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు అందేలా రాష్ట్రం జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ఈ పేచీ అంతా గుజ్జు చుట్టూనే తిరిగింది. కాయ బరువులో మూడో వంతుకు పైగా ఉండే తొక్క, టెంకల విలువ మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. అసలు చర్చ అక్కడి నుంచే మొదలు కావాలి.

మామిడి తొక్కలో మాంజిఫెరిన్, కెరోటినాయిడ్లు ఉంటాయి. టెంక లోపలి జీడిలో గాలిక్ ఆమ్లం, టానిన్లు ఉంటాయి. ఇవన్నీ సహజ యాంటీ ఆక్సిడెంట్లు. నూనెకు గాలి తగిలితే అందులోని కొవ్వు ఆక్సిజన్‌తో కలిసి గొలుసుకట్టుగా చెడిపోతూ ముక్క వాసన వేస్తుంది. యాంటీ ఆక్సిడెంట్ ఆ గొలుసును మధ్యలో తెంపుతుంది. నేడు ఈ పనికి ఎక్కువగా టీబీహెచ్‌క్యూ, బీహెచ్ఏ వంటి కృత్రిమ రసాయనాలు వాడుతున్నారు. వంటనూనెల్లో వీటిని కిలోకు 200 మిల్లీగ్రాములకు మించి కలపకూడదని మన దేశంలో పరిమితి ఉంది. ఐరోపా సమాఖ్య 2010లో రోజ్‌మేరీ ఆకుల సారాన్ని ఈ-392 పేరుతో ఆహార సంకలితంగా అనుమతించింది. ప్రమాణం కుదిరితే ఆకు నుంచి తీసిన సారమూ రసాయనాల సరసన నిలబడగలదని దానితో తేలింది.

ఈ దారిలో మనకు ముందే పాఠం చెప్పింది తవుడు. మిల్లులో బియ్యానికి పాలిష్ పట్టిన మరుక్షణం నుంచే లైపేజ్ అనే ఎంజైమ్ తవుడులోని నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. వెంటనే వేడి చేసి ఎంజైమ్‌ను ఆపాలి, లేదంటే త్వరగా నూనె తీసే సాల్వెంట్ ప్లాంటుకు చేర్చాలి. ఆలస్యమైతే ఆ నూనె సబ్బుకు తప్ప వంటకు పనికిరాదు. తవుడు నూనెలోని ఒరైజనాల్ అనే యాంటీ ఆక్సిడెంట్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 1954లోనే వేరుచేశారు. కానీ క్షారంతో శుద్ధి చేస్తే అందులో అధికభాగం సబ్బు మడ్డిలోకి పోతుంది. భౌతిక పద్ధతిలో శుద్ధి చేస్తే చాలావరకు నూనెలోనే నిలుస్తుంది. అందుకు తగినట్టు ఎంజైమ్‌తో జిగురు తొలగించే విధానాన్ని హైదరాబాద్‌లోని ఐఐసీటీ పరిశోధనాలయం రూపొందించింది. పోగొట్టుకోవడానికైనా, దక్కించుకోవడానికైనా కీలకం రెండే: చేర్చే వేగం, శుద్ధి చేసే పద్ధతి.

మామిడికీ ఇదే సూత్రం. యంత్రం నుంచి బయటపడిన తొక్క చూస్తుండగానే గోధుమరంగుకు తిరిగి నల్లబడుతుంది. చాలామంది అది కుళ్లడం అనుకుంటారు. నిజానికి అక్కడ ఖర్చవుతున్నది యాంటీ ఆక్సిడెంటే. తొక్క చిట్లినప్పుడు బయటికొచ్చిన ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో ఫినాలిక్ పదార్థాలను మార్చేస్తుంది. తొక్కలో తేమ ఎక్కువ కాబట్టి మర్నాటికల్లా పులుపెక్కుతుంది. పల్పు లైను పక్కనే ఆవిరి పట్టి, మితమైన వేడిలో ఆరబెట్టి పొడి చేస్తే అదే సరుకు నెలల తరబడి నిలుస్తుంది. ఆ తర్వాత నీళ్లు కలిపిన ఆల్కహాల్‌తో సారం తీసి, ఆల్కహాల్‌ను మళ్లీ వాడుకోవచ్చు. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2008లోనే తొక్క పొడిని 10 శాతం దాకా కలిపినా తినదగ్గ బిస్కెట్లు వస్తాయని చూపించారు. జీడి నుంచి తీసే కొవ్వును ఐరోపా నిబంధనలు చాక్లెట్‌లో కోకో వెన్నకు తోడుగా అనుమతిస్తాయి. మనకు కొరతగా ఉన్నది పరిశోధన కాదు, ఫ్యాక్టరీ పెరట్లో డ్రయ్యర్.

మూడు నెలల సీజన్ కోసం యంత్రాలు కొనడం గిట్టదన్న అభ్యంతరం సహేతుకమైనదే. అందుకే ఒక్కో ఫ్యాక్టరీ ఒంటరిగా కాక, ఉమ్మడిగా పెట్టుకునే యూనిట్లు కావాలి. మామిడి అయిపోయాక మదనపల్లె టమాటా తొక్క, అనంతపురం వేరుశనగ ఎర్ర పొర, చింతగింజల పొట్టు అదే డ్రయ్యర్‌కు పని కల్పించగలవు.

జాగ్రత్తలూ తప్పవు. పురుగుమందుల అవశేషాలు ఎక్కువగా మిగిలేది తొక్కలోనే; సారం తీసేటప్పుడు అవి కూడా గాఢమయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రతి లాట్‌నూ పరీక్షించాలి, తోట దశ నుంచే మందుల వాడకానికి లెక్క ఉండాలి. ఇక, ఈ సారాలను సర్వరోగ నివారిణిగా అమ్మే ధోరణిని మొదట్లోనే అడ్డుకోవాలి. ఫిన్లాండ్‌లో 29 వేల మంది ధూమపాన ప్రియులపై జరిపిన అధ్యయనం ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. పరీక్షనాళికలో పనిచేసినది ఒంట్లోనూ అలాగే పనిచేస్తుందనడం శాస్త్రం కాదు. నూనెలు, చిరుతిళ్లు ముక్కిపోకుండా కాపాడటమే వీటికి నికరమైన ఉపయోగం, నిజాయితీ గల మార్కెట్ కూడా.

ప్రభుత్వం చేయాల్సినవి స్పష్టమే. పల్పు ఫ్యాక్టరీల సమీపంలో ఉమ్మడి డ్రయ్యర్లకు రాయితీ ఇవ్వాలి. ఆహార ప్రమాణాల సంస్థ తొక్క పొడికి, సారాలకు నాణ్యతా కొలమానాలు ఖరారు చేయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది రైతు వాటా. కాయను కిలోల లెక్కన తూచి ఇచ్చే రైతు తొక్క, టెంకలను కూడా తూచే ఇస్తున్నాడు. వాటి మీద ఫ్యాక్టరీకి కొత్త ఆదాయం వచ్చినప్పుడు అందులో కొంత కాయ ధరలో కనిపించాలి. వచ్చే సీజన్ ధరల చర్చలోనే ఈ షరతు పెట్టాలి. లేకపోతే వ్యర్థానికి విలువ వస్తుంది గానీ, దాన్ని పండించినవాడికి ఒరిగేదేమీ ఉండదు.