అన్నం ప్యాకెట్‌తో విశ్వాసాన్ని కొనొచ్చా?

ఆదివారం ఆరాధన అయ్యాక హైటెక్ సిటీ, గచ్చిబౌలి చుట్టుపక్కల చర్చిల్లో కొన్నిచోట్ల పెద్ద డేగిసాలు పొయ్యి దిగుతాయి. బగారన్నం, పప్పుచారు, వీలైతే ఒక గుడ్డు. చర్చి యువత ప్యాకెట్లు కట్టి లేబర్ అడ్డాలకు, ఆస్పత్రుల బయటకు, టవర్ల పక్కన రేకుల షెడ్లకు పట్టుకెళ్తారు. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లే. అంటే వడ్డించే ఈ చేతులు కూడా చాలావరకు కూలి కుటుంబాలవే.

ఈ పిల్లలకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "అన్నం పెట్టి మతం మారుస్తున్నారా?" తెలంగాణలో మతమార్పిడి నిరోధక చట్టం లేదు. ఉత్తరప్రదేశ్‌లో ఉంది. 2021 నాటి ఆ చట్టం 'ప్రలోభం' అన్న మాటను ఎంత విస్తారంగా నిర్వచించిందంటే, వస్తురూపంలో ఇచ్చే ఏ సాయాన్నైనా అందులోకి లాగొచ్చు. అనుమానానికైతే చట్టంతో కూడా పని లేదు.

ఈ ప్రశ్న చర్చిని తిట్టినట్టు కనిపిస్తుంది. అసలు తిట్టేది తినేవాడిని. దళితుడి విశ్వాసం పిడికెడు మెతుకులకు అమ్ముడుపోతుందన్నది దాని లోపలి మాట. 'బియ్యం క్రైస్తవులు' అన్న వెక్కిరింత వయసు వందేళ్లకు పైమాటే.

చరిత్ర ఏం చెబుతోంది? ఒంగోలు ప్రాంతంలో మాదిగల క్రైస్తవ ఉద్యమాన్ని నిలబెట్టింది యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి. ఆయన బాప్తిస్మం తీసుకున్నది 1866లో, అంటే మహా కరువుకు పదేళ్ల ముందే. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఇక సాయం లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ప్రలోభం లెక్కే తీయాలంటే, 1950 రాష్ట్రపతి ఉత్తర్వుల మూడో పేరా తీయండి. దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో ఆ హోదాలోకి చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులకు మిగిలింది బీసీ–సీ కింద 1 శాతం. మతం మారినవారికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. చదువు, ఉద్యోగం, రక్షణ అన్నీ ఒకవైపు, బగారన్నం ప్యాకెట్ ఒకవైపు. ఇందులో ప్రలోభపెడుతున్నది ఎవరు?

ఇదే నగరంలో జీహెచ్ఎంసీ 2014లో ప్రారంభించిన 5 రూపాయల భోజనాన్ని వండి సరఫరా చేసింది హరే కృష్ణ సంస్థ. దాన్నెవరూ ప్రలోభం అనలేదు. అనకూడదు కూడా. (గుడ్డు మాత్రం ఆ పళ్లెంలోకి రాలేదు, అది వేరే చర్చ.)

అలాగని చర్చిలను అడగాల్సినవి లేవా? ఉన్నాయి. ఆకలితో వరుసలో నిలబడ్డవాళ్లకు ముందు ప్రసంగం, తర్వాత ప్యాకెట్ అన్న పద్ధతి ఎక్కడున్నా మానుకోవాలి. క్లౌ ఆ జాగ్రత్త అప్పుడే తీసుకున్నాడు. రెండోది ఇంకా పెద్దది. ఆ టవర్లు కట్టినవాళ్లకు వాటి నీడలోనే అన్నం అడగాల్సిన అవసరం ఎందుకొచ్చింది? 2020 మే 1న దేశంలో తొలి శ్రామిక్ రైలు ఈ కారిడార్ అంచునున్న లింగంపల్లి నుంచే, దాదాపు 1,200 మంది కూలీలతో జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. లాక్‌డౌన్ ఐదు వారాలు దాటేసరికే వాళ్లకిక్కడ నిలవనీడ లేకుండా పోయింది. ఆ టవర్ల నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మికుల సంక్షేమానికి సెస్సు కట్టాలని 1996 నుంచీ చట్టం ఉంది.

18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ఒడిశా నుంచి వచ్చినా, పాలమూరు నుంచి వచ్చినా సరే. వచ్చే ఆదివారం ప్యాకెట్ చేతిలో పెట్టేటప్పుడు ఒక మాట అడగండి: "అన్నా, లేబర్ కార్డు ఉందా?"