తెర ఒక్కటే, నడక వేరు: జపాను సంప్రదాయ రంగస్థలం – తెలుగు తులనాత్మక పరిశోధన

జపాను నో నాటకాన్ని కూచిపూడి కలాపంతోనో యక్షగానంతోనో పోల్చే పరిశోధనకు తెలుగులో ఒక మూస సిద్ధంగా ఉంది. రెండింటిలోనూ తెర ఉంది, స్త్రీపాత్రను పురుషుడు ధరించే సంప్రదాయం ఉంది, గాయకబృందం ఉంది; కనుక సామ్యం సిద్ధించింది. వీలైతే 736లో జపాను చేరిన భారతీయ భిక్షువు బోధిసేనుణ్ణి పేర్కొని నాట్యశాస్త్రానికి సముద్రమార్గం కూడా వేస్తారు. ఈ పద్ధతిలోని లోపం ఆధారాల కొరత కాదు. పోల్చే వ్యక్తి ఆ రెండు కళలలో ఏ ఒక్కదానిలోనూ అడుగు వేసి ఎరగకపోవడమే లోపం.

తెర సంగతే చూడవచ్చు. భామాకలాపంలో ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా సత్యభామ తన జడను వేస్తుంది. ముఖం కనబడకముందే సభకు విసిరిన సవాలది. నో రంగంలో తెరను కింది అంచున కర్రలతో పైకెత్తుతారు. నటుడు హషిగకారి అనే వంతెనవంటి దారిలో నడిచి రంగస్థలం చేరతాడు. ముఖతొడుగు ధరించినవానికి కంటిరంధ్రాలు అతి చిన్నవి, తన పాదాలు తనకు కనబడవు. ముందుమూలనున్న మెత్సుకెబషిర అనే స్తంభాన్నిబట్టి తానెక్కడున్నదీ గ్రహించుకోవాలి. పాదం నేలను విడవకుండా జారే సురియాషి నడకను ‘శైలీకృతం’ అని ఒక్క మాటలో తేల్చే వ్యాసకర్తకు ఈ అవస్థ తెలియదు. తెర అనే పేరు ఒక్కటే. దాని వెనుక నిలబడ్డ ఇద్దరి పనులకు పొంతన లేదు.

క్యోటోలో 1984లో మొదలైన ట్రెడిషనల్ థియేటర్ ట్రైనింగ్ అనే వేసవి శిక్షణ విదేశీ విద్యార్థులకు ఈ అవస్థనే పరిచయం చేస్తుంది. నో, క్యోగెన్, నిహోన్‌బుయోలను గురువుల వద్ద సుమారు మూడు వారాలు అభ్యసించి, చివర ప్రదర్శించాలి. మూడు వారాలలో వచ్చే విద్య ఏపాటిదన్న ఆక్షేపణ సులభం. బున్‌రకు బొమ్మ కాళ్లు ఆడించడానికి పదేళ్లు, ఎడమచేతికి మరో పదేళ్లు అని చెప్పుకునే దేశంలో ఆ సంగతి ఎవరికీ కొత్త కాదు. అక్కడినుంచి వచ్చిన విద్యార్థి నటుడు కాడు. కాని తనకు తెలియనిదేమిటో తెలిసినవాడవుతాడు.

ఇంతకన్న బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది: ఆచరణ పరిశోధన కాదు. జపాను ప్రభుత్వం పరిశోధక విద్యార్థులకిచ్చే ఉపకారవేతన నిబంధనలే కబుకి, సంప్రదాయ నృత్యాల వంటి కళలలో శిక్షణను అధ్యయన విషయాలనుంచి మినహాయించాయి. అయితే ఆ దేశం ఆ తలుపు మూయడానికి ముందే మరొకటి తెరిచి ఉంచింది. జాతీయ రంగశాల 1970లో కబుకికి, 1972లో బున్‌రకుకు శిక్షణ ప్రారంభించి, వంశంతో సంబంధం లేని యువకులకు కూడా ప్రవేశం కల్పించింది. తెలుగు శాఖలు ఆ విభజనను మాత్రం అరువు తెచ్చుకున్నాయి, రెండో తలుపు సంగతి మరిచాయి. కూచిపూడికి సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉంది, సరే. నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు, చిందు భాగవతానికి కుటుంబాలే నేటికీ పాఠశాలలు.

రామంతాపూర్‌లో నివసించే పరిశోధక విద్యార్థినే ఊహించవచ్చు. జపాను భాషకు ఇఫ్లూ, తెలుగుకు ఉస్మానియా, రెండూ తార్నాక వైపు దగ్గరలోనే ఉన్నాయి. దూరదర్శన్ కేంద్రం ఆ పేటలోనే ఉంది. కాని ప్రసారమైన ప్రదర్శన ఇచ్చేది ప్రేక్షకుని చూపునే. తెర వెనుక నిలిచినవాని చూపు కావాలంటే ఆ విద్యార్థి ఒక మేళం వెంట వెళ్లాలి. ఆ నెలలను పరిశోధన కాలంగా లెక్కించే నిబంధన ఉండాలి. తన భాషలోని ఒక్క కళనైనా దేహంతో ఎరగనివాడు క్యోటోకు వెళితే పోల్చడానికి అతని వద్ద ఏముంటుంది?

జపాను రంగస్థలంతో పోలిక అనే అంశాన్ని నమోదు చేసేముందు పర్యవేక్షకుడు రెండు ప్రశ్నలు అడగాలి. అభ్యర్థి ఏ తెలుగు ప్రదర్శనకళను ఎవరి వద్ద, ఎంతకాలం నేర్చాడు? నో వాచకాన్ని మూలంలో చదవగలడా, లేక ఆంగ్లానువాదంతో సరిపెడతాడా? రెండింటికీ సమాధానం లేనప్పుడు అంశాన్ని తిరస్కరించే అధికారం శాఖలకు ఇప్పటికే ఉంది.